తూటా సరే, గురి సంగతేమిటి?

మొక్కజొన్న కంకి పాలు పోసుకునే రోజులొస్తే ఎన్టీఆర్ జిల్లా తిరువూరు, ఎ.కొండూరు, రెడ్డిగూడెం వైపు రైతుకు రాత్రి నిద్ర ఉండదు. అడవి పందుల మంద ఒక్క రాత్రి దిగితే చాలు, తిన్నదానికంటే తొక్కింది ఎక్కువ. దిగువన కృష్ణా లంక భూముల్లో చెరకు, కంద, వేరుశనగ వేసినవాళ్లదీ అదే గోడు. కాల్చడానికి అనుమతివ్వాలన్న డిమాండు అందులోంచే పుట్టింది. దాన్ని తప్పుపట్టలేం. అయితే ఆ మాట మొదలైన ప్రతిచోటా చర్చ వెంటనే తుపాకీ మీదికి మళ్లుతుంది. పన్నెండు బోర్ చాలుతుందా, త్రీ ఫిఫ్టీన్ కావాలా, ఎవరి దగ్గరో తాతల నాటి థర్టీ ఆట్ సిక్స్ ఉందట, అది ఏనుగునైనా పడగొడుతుందట. తూటా ఎంపిక అవసరమే కానీ అది రెండో ప్రశ్న. ఈ మనిషి, ఈ తుపాకీతో, చీకట్లో, ఎంత దూరంలో ఉన్న ఆరంగుళాల చోటును ఐదుసార్లకు ఐదుసార్లూ కొట్టగలడన్నది మొదటి ప్రశ్న. మొదటిదానికి జవాబు లేకుండా రెండోదాని మీద ఎంత వాదించుకున్నా పంటకూ లాభం లేదు, పందికీ మంచి చావు దక్కదు.

చట్టం ఏం చెబుతోందో ముందు చూద్దాం. సరదా వేట ఈ దేశంలో లేదు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం దాన్ని బాగా బిగించింది. 1991 సవరణ లైసెన్సు వేటకు మిగిలిన సందును కూడా మూసేసింది. 2022 సవరణ తర్వాత అడవి పంది రెండో షెడ్యూలులో ఉంది. మనుషుల ప్రాణానికో, పొలంలో నిలిచిన పైరుతో సహా ఆస్తికో ముప్పు అయినప్పుడు చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్ గానీ, ఆయన అధికారమిచ్చిన అధికారి గానీ చంపడానికి సెక్షన్ 11 కింద రాతపూర్వకంగా అనుమతి ఇవ్వవచ్చు. 2016 జూన్‌లో బీహార్‌లోని మొకామాలో పంటలు పాడుచేస్తున్నాయని నీల్‌గాయ్‌లను కాల్చినప్పుడు వెళ్లింది మన హైదరాబాద్‌కు చెందిన నవాబ్ షఫత్ అలీఖాన్ బృందమే. కొద్ది రోజుల్లో 200కు పైగా జంతువులు చనిపోయాయి. దాని మీద కేంద్ర మంత్రులు మేనకా గాంధీ, ప్రకాశ్ జవదేకర్ బహిరంగంగానే వాదులాడుకున్నారు. చంపాలా వద్దా అన్నదాని చుట్టూనే ఆ గొడవంతా నడిచింది. చంపాలని నిర్ణయమయ్యాక ఎంత శుభ్రంగా చంపాలన్నది పక్కన పడిపోయింది. సెక్షన్ 11 కూడా కారణం రాయమంటుందే తప్ప కాల్చేవాడి నేర్పు గురించి ఒక్క మాట అడగదు.

ఇప్పుడు తూటాల సంగతి. మన దగ్గర ఈ ఎంపిక పెద్ద చిక్కేమీ కాదు, ఎందుకంటే చట్టమూ బజారూ కలిసి దాన్ని ముందే కుదించేశాయి. సైన్యం వాడే .303, 7.62 మిల్లీమీటర్ల లాంటివి నిషిద్ధ బోర్లు. అందువల్ల ఇక్కడ సామాన్య లైసెన్సుదారుడి రైఫిల్ అంటే దాదాపుగా .315, అంటే ఇషాపూర్ రైఫిల్ ఫ్యాక్టరీ తయారీ. దీని పుట్టుక కూడా అలాంటి నిషేధంలోనే ఉంది. సైనిక తూటా పౌరుల చేతికి అందకూడదనుకున్న బ్రిటిష్ పాలనలో, ఆస్ట్రియా సైన్యం వాడిన పాత ఎనిమిది మిల్లీమీటర్ల తూటాకు వేట రూపమిచ్చి భారత్‌లో అమ్మారు. అదే నేటికీ నడుస్తోంది. 244 గ్రెయిన్ల మెత్తటి ముక్కు తూటా, అంటే 16 గ్రాములకు కాస్త తక్కువ, సెకనుకు సుమారు 600 మీటర్ల వేగంతో బయల్దేరుతుంది. శక్తి 2,900 జౌళ్ల చుట్టుపక్కల. థర్టీ ఆట్ సిక్స్‌లో 180 గ్రెయిన్ల తూటా 820 మీటర్ల వేగంతో వెళ్లి 3,900 జౌళ్లిస్తుంది. కాగితం మీద వెయ్యి జౌళ్ల తేడా పెద్దదిగానే కనిపిస్తుంది. వంద కిలోల పంది ఊపిరితిత్తుల గుండా రెండిట్లో ఏది దూరినా ఆ తర్వాత పంది పరిగెత్తే దూరం మాత్రం దాదాపు ఒకటే. జిమ్ కార్బెట్‌కు చంపావత్ పులిని చంపినందుకు 1907లో బహుమతిగా వచ్చిన రిగ్బీ రైఫిల్ .275, అంటే ఏడు మిల్లీమీటర్లది. మన చిత్తూరు అడవుల్లో తిరిగిన కెన్నెత్ ఆండర్సన్ చేతిలో ఉన్నది .405 వించెస్టర్. ఒకటి సన్నం, ఒకటి లావు. ఇద్దరూ నరభక్షక పులుల్ని వేటాడినవాళ్లే.

బోరు కన్నా తూటా ముక్కు ముఖ్యం. రాగి తొడుగు పూర్తిగా కప్పిన తూటా జంతువులోంచి సన్నగా దూసుకుపోయి అవతలి మనిషికి ప్రమాదమవుతుంది. మెత్తటి ముక్కుది లోపల విచ్చుకుని చాలా శక్తిని అక్కడే ఖర్చు పెడుతుంది. .22 రైఫిల్‌తో పంది మీదికి వెళ్లడం పాపం. దాని శక్తి 200 జౌళ్లు కూడా ఉండదు. మగపందికి భుజం మీద గట్టి డాలు లాంటి పొర ఉంటుంది, అది దాటడమే గగనం. పన్నెండు బోరులో పెద్ద గుళ్ల తూటా 30 మీటర్ల లోపు బాగా పనిచేస్తుంది. ఆపైన గుళ్లు చెదిరి ఒకటి పొట్టలో, ఒకటి కాలికి తగులుతాయి. ఇక్కడొక విచిత్రం చెప్పాలి. 1959 ఆయుధ చట్టంలో పంట రక్షణ కోసమని ప్రత్యేకంగా పేర్కొన్నది గొట్టం మూతి నుంచి మందు కూరే తుపాకీని. లోపల గాడులుండవు, నల్లమందు పొగ, ఒక్కో వేటుకు ఒక్కో రకంగా పడే మందు మోతాదు. జంతువును బాధ లేకుండా చంపే పనికి ఇంతకంటే పనికిరాని సాధనం దొరకదు. రైతుకు చట్టం చూపించిన సాధనం అదే.

ఇక అసలు విషయానికి వద్దాం. రైఫిళ్ల అమ్మకందారులూ, వాటి అభిమానులూ గురిని ఒక అంకెలో చెబుతారు. వంద మీటర్ల దగ్గర మూడు తూటాలు అంగుళంలో పడ్డాయంటారు. ఆ మూడు అన్న మాట దగ్గరే మోసం మొదలవుతుంది. యాదృచ్ఛికంగా చెదిరే తూటాల్లో ఎన్ని ఎక్కువ కాలిస్తే గుంపు అంత పెరుగుతుంది. ఇది లెక్క, తుపాకీ లోపం కాదు. అదే రైఫిల్, అదే మనిషి మూడు తూటాలకు సగటున రెండంగుళాలు వేస్తే, పది తూటాలకు మూడంగుళాలు దాటిపోతుంది. అందులో బాగా కుదిరిన మూడింటి కాగితాన్ని జేబులో పెట్టుకుని మిగిలినవి పారేస్తే మనల్ని మనమే మోసం చేసుకున్నట్టు. పైగా అది ఇసుక బస్తా మీద, పగటి వెలుతురులో, కుర్చీలో కూర్చుని కాల్చింది. లండన్ ఒలింపిక్స్‌లో 2012లో కాంస్యం తెచ్చిన గగన్ నారంగ్ పది మీటర్ల ఎయిర్ రైఫిల్‌లో గురిపెట్టిన పది పాయింట్ల చుక్క వ్యాసం అర మిల్లీమీటరు. బిగుతైన జాకెట్, గాలి కదలని హాలు, ఏళ్ల సాధన ఉంటే ఆ స్థాయి. దోమలు కుడుతుంటే మంచె మీద మూడు గంటలు కదలకుండా కూర్చుని, గుండె దడదడలాడుతుండగా లేచి కాల్చే మనిషి నుంచి ఆ ఆటలో పదో వంతు ఆశించినా ఎక్కువే.

లెక్క వేసి చూద్దాం. పంది గుండె, ఊపిరితిత్తులు కలిసిన చోటు సుమారు ఆరంగుళాల వలయం, అంటే 15 సెంటీమీటర్లు. ఓ మోస్తరు లైసెన్సుదారుడు మంచె మీద నుంచి 50 మీటర్లలో ఐదు తూటాలను పది సెంటీమీటర్ల గుంపులో వేస్తాడనుకుందాం. నిజానికి ఇది మంచి గురే. తూటాలు సహజంగా చెదిరే తీరుకు సాంఖ్యక శాస్త్రం చెప్పే సూత్రం వాడితే 50 మీటర్లలో పదింట తొమ్మిది ఆ వలయంలో పడతాయి. అదే మనిషి వంద మీటర్లకు వెళితే సగం కూడా పడవు. 150 మీటర్లకు నాలుగింట ఒకటి. మిగతా మూడూ పొట్టకో, దవడకో, కాలికో తగులుతాయి, లేదా అసలు తగలవు. ఇప్పుడు ఆయన రైఫిల్ మార్చాడనుకుందాం. 50 మీటర్లలో తుపాకీ సొంత చెదురు మూడు సెంటీమీటర్లు ఉన్నదాన్ని సగానికి తగ్గించే ఖరీదైన సరుకు కొన్నాడు. పది సెంటీమీటర్ల గుంపు సుమారు 9.7 సెంటీమీటర్లకు దిగుతుంది. అంతే. మిగిలిన తప్పంతా భుజంలో, ఊపిరిలో, ట్రిగ్గర్ లాగే వేలిలో ఉంది. ఆ మూడు మిల్లీమీటర్ల కోసం లక్షలు పెట్టేకంటే ఓ వంద తూటాలు బోర్డు మీద కాల్చడం నయం.

పెద్ద తూటా గురి తప్పును కాస్తుందన్న నమ్మకం మన వాళ్లలో బలంగా ఉంది. అదే అసలు ప్రమాదం. పొట్టలో తగిలిన .375 మాగ్నమ్ కూడా పొట్టలో తగిలిన తూటాయే. పంది కిలోమీటరు పరిగెత్తి చెరకుతోటలో దూరి రెండు రోజులకు చస్తుంది, లేదా మర్నాడు కూలికి వచ్చిన మనిషి మీద పడుతుంది. పైగా తూటా పెరిగేకొద్దీ భుజం మీద తన్ను పెరుగుతుంది. ఏడాదికి నాలుగు తూటాలు కాల్చేవాడు ఆ తన్నుకు భయపడి ట్రిగ్గర్ లాగేముందే కళ్లు మూసుకుంటాడు. చేతికి అలవాటైన .315 అలవాటు లేని .375 కన్నా ఎప్పుడూ మేలు. .315 వంద మీటర్లకు గురి కట్టుకుంటే 50 దగ్గర మూడు నాలుగు సెంటీమీటర్లు పైన పడుతుంది. అందువల్ల ఆ దూరం లోపల పెద్దగా సర్దుబాటు అక్కర్లేదు. 200 మీటర్లకు మాత్రం అడుగు కిందకు జారిపోతుంది. మరో సంగతి, దాని మీద ఉండేది మామూలు ఇనుప గురి. ముందున్న గురిముక్క రెండు మిల్లీమీటర్ల వెడల్పుండి, కంటికి 80 సెంటీమీటర్ల దూరంలో ఉంటే, 50 మీటర్ల దగ్గర 12 సెంటీమీటర్లకు పైగా చోటును కప్పేస్తుంది. వంద దగ్గర పాతిక సెంటీమీటర్లు, అంటే కొట్టాల్సిన చోటంతా దాని వెనకే. టార్చిలైటులో ఆ ముక్కే సరిగా కనబడదు. ఇవన్నీ కలిపి చూస్తే రాత్రి పూట 50 మీటర్లే మన హద్దు అని ఏ తూటా పట్టికా చూడకుండా చెప్పొచ్చు.

పంది ఒళ్లు కూడా మనిషిని తప్పుదారి పట్టిస్తుంది. వీపు మీద నిక్కబొడుచుకున్న వెంట్రుకల వరస వల్ల జంతువు ఉన్నదానికంటే ఎత్తుగా కనిపిస్తుంది. నడిమికి గురిపెడితే తూటా వెన్ను దగ్గరికి పోతుంది. గుండె కింద, ముందుకాలి వెనకే, ఒంటి ఎత్తులో కింది మూడో వంతులో ఉంటుంది. పరిగెత్తే పంది సంగతి వేరే చెప్పనక్కర్లేదు. గంటకు 36 కిలోమీటర్ల వేగమంటే సెకనుకు పది మీటర్లు. .315 తూటా 50 మీటర్లు వెళ్లడానికి సెకనులో పన్నెండో వంతు పడుతుంది. ఆలోగా పంది ఎనభై సెంటీమీటర్లు జరిగిపోతుంది. గుండెకు గురిపెట్టిన తూటా దాని వెనక కాళ్ల దగ్గర పడుతుంది. మనిషి వేలు స్పందించే ఆలస్యం ఇందులో కలపలేదు. కాబట్టి నిలబడి ఉన్న పందినే, పక్కవాటంగా ఉన్నప్పుడే కాల్చాలన్నది చాదస్తం కాదు.

డెల్టాకు ప్రత్యేకమైన ఇబ్బంది ఒకటుంది, దాన్ని కొండపల్లి, మైలవరం అడవుల పక్కన ఉండి మాట్లాడేవాళ్లు మర్చిపోతుంటారు. అక్కడ తూటా వెనక ఓ గట్టో గుట్టో దొరుకుతుంది. అవనిగడ్డ దాటి కిందికి వెళితే నేల అరచేయంత చదును. రైఫిల్ తూటా అడ్డు లేకుండా పోతే మూడు కిలోమీటర్లు దాటుతుంది. ఆ మూడు కిలోమీటర్లలో ఎన్ని ఊళ్లు, ఎన్ని కాలవ గట్లు, ఎంతమంది రాత్రి నీళ్లు కట్టుకునే రైతులు! నేల మీద నిలబడి 50 మీటర్ల దూరంలోని పందిని కాలిస్తే తూటా ఒక డిగ్రీ వాలుతో పోతుంది. తడి చేలో, నీటి మీద అది ఎగిరి మళ్లీ లేచే వీలుంది. నాలుగు మీటర్ల ఎత్తు మంచె ఎక్కితే అదే తూటా నాలుగు డిగ్రీలకు పైగా వాలుతో దిగి, పంది దాటాక ఐదారు మీటర్లలో మట్టిలో కూరుకుంటుంది. అందుకే డెల్టాలో మంచె లేకుండా రైఫిల్ అనుమతి ఇవ్వకూడదు. మంచె కుదరని చోట పన్నెండు బోరు, 30 మీటర్లు. ఈ రెండూ కాకపోతే కంచె.

కంచె అనగానే ఒక అభ్యంతరం వస్తుంది, అది న్యాయమైనదే. కాల్చడం వల్ల పందులు తగ్గవు, ఆడపంది ఒక్కో ఈతకు నాలుగారు పిల్లల్ని పెడుతుంది, పది చంపితే పది వస్తాయి, సోలార్ కంచె, పొలం చుట్టూ కందకం, ఊరంతా ఒకేసారి పంట వేసుకోవడం ఇవే అసలు మందు అంటారు జంతుప్రేమికులు. చాలావరకు ఒప్పుకుంటాను. కాల్చడం చివరి మెట్టు. కానీ ఆ మెట్టు మూసేసిన చోట రైతు ఏం చేస్తున్నాడో చూడాలి. కరెంటు తీగ లాగుతున్నాడు, ఉచ్చు వేస్తున్నాడు, పండులో నాటు బాంబు పెడుతున్నాడు. తీగకు పంది, మనిషి తేడా లేదు. రాత్రి పొలానికి వెళ్లి, తెలియక పక్క పొలం తీగకు తగిలి ప్రాణాలు పోగొట్టుకున్న రైతుల వార్తలు రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ ఆగడం లేదు. కృష్ణా ముఖద్వారం మడ అడవుల్లో తిరిగే బావురుపిల్లి మొదటి షెడ్యూలు జంతువు. అది కూడా ఆ తీగలు లాగిన గట్ల మీదే నడుస్తుంది. వీటన్నిటితో పోలిస్తే 50 మీటర్లలో నిలబడిన పంది గుండెలో దిగిన ఒక్క తూటా తక్కువ క్రూరం. ఆ ఒక్క తూటా తప్పకుండా అక్కడే దిగాలన్నదే నా పట్టుదల.

రైతులు ఇంకో మాటంటారు. పంట ఈ రాత్రి పోతుంటే పరీక్షలు, పత్రాలు అంటారేమిటని. పరీక్ష రైతుకు కాదు, తుపాకీ పట్టేవాడికి. ఏడాదికోసారి పెట్టి జాబితా సిద్ధంగా ఉంచుకుంటే అనుమతి ఇచ్చే రోజున ఆలస్యం ఉండదు. నార్వేలో పెద్ద జంతువుల వేటకు వెళ్లేవాళ్లంతా ఏటా ఈ పని చేస్తున్నారు. ముందుగా 30 తూటాలు సాధన చేయాలి, ఆ తర్వాత 100 మీటర్ల దూరంలో 30 సెంటీమీటర్ల వలయంలో ఐదింటికి ఐదూ వేయాలి. వేట అక్కడ తరాల అలవాటు, అయినా మినహాయింపు లేదు. మన దగ్గర లైసెన్సు తుపాకీ చాలామందికి బీరువాలో హోదా. ఎన్నికల కోడ్ రాగానే నూనె రాసి పోలీస్ స్టేషన్‌లో అప్పజెప్పి, ఓట్ల లెక్కింపు అయ్యాక తెచ్చుకోవడమే దానికి జరిగే వ్యాయామం. అలాంటి చేతుల్లోంచి రాత్రి పూట తూటా బయటికి రావడం పందికంటే ఊరికే ఎక్కువ ముప్పు.

సాధనకు తూటాలెక్కడివన్న ప్రశ్న మాత్రం నిజమైనది. లైసెన్సు మీద ఏటా కొనగలిగే తూటాలకు పరిమితి ఉంటుంది, ధరా తక్కువ కాదు. దీనికి రెండు దారులున్నాయి. 20 జౌళ్ల లోపు శక్తి ఉన్న .177 బోరు ఎయిర్ రైఫిల్‌కు లైసెన్సు అక్కర్లేదు. ఊపిరి, వేలు, గురి ముక్క చూపు, ఇవన్నీ దాంతోనే నేర్చుకోవచ్చు, ఖర్చు నామమాత్రం. ఆపైన అటవీ శాఖ జాబితాలో చేరినవాళ్లకు సాధన కోసం అదనపు తూటాలు పోలీసు శాఖ పర్యవేక్షణలో, గుర్తింపు ఉన్న రేంజిలో మాత్రమే, తూటాల ఖాళీ గొట్టాలు లెక్క ప్రకారం తిరిగి అప్పజెప్పే షరతుతో ఇవ్వవచ్చు. తూటాలు పక్కదారి పడతాయన్న భయానికి అది చాలు.

కావలసింది కొత్త చట్టం కాదు, సెక్షన్ 11 అనుమతి పత్రంలో నాలుగు పంక్తులు. కాల్చేవాడు ఆ ఏడాది, తను వాడబోయే తుపాకీతోనే, బస్తా ఆసరా లేకుండా, 50 మీటర్లలో, పన్నెండు బోరు అయితే 30 మీటర్లలో, ఆరంగుళాల రేకును ఐదింటికి ఐదుసార్లు కొట్టి ఉండాలి. రైఫిల్ అయితే మెత్తటి ముక్కు తూటా, మంచె తప్పనిసరి. రైఫిల్‌తో 50, పన్నెండు బోరుతో 30 మీటర్లు దాటితే, లేదా పంది కదులుతుంటే కాల్చకూడదు. గాయపడిన జంతువును వెతికి ముగించే బాధ్యత అతనిదే, ఆ రాత్రే అటవీ సిబ్బందికి చెప్పాలి. .22 తప్ప బోరు ఏదన్నది .315 అయినా ఇంకోటైనా వాళ్లిష్టానికి వదిలేయొచ్చు. ఎన్టీఆర్, కృష్ణా జిల్లాల అటవీ అధికారులు వచ్చే మొక్కజొన్న కంకి వేసేలోపు ఆ నాలుగు పంక్తులు రాయించాలి. అప్పటిదాకా తీగలు తీసేయమని ఊళ్లలో రైతు సంఘాలే చెప్పాలి.